వదినగారు గెంటినవాళ్ళు

వదినగారికి ఉన్నది ఒకే ఒక్క జబ్బు. మనుషుల్ని గెంటుతుంది. కోపం వస్తే కొందరు గిన్నెలు విసురుతారు, కొందరు అన్నం మానేస్తారు, కొందరు పెళ్ళినాటి సంగతులు తవ్వుతారు. వదినగారు ఇవేవీ చెయ్యదు. ఎదుటి మనిషి రెక్క పట్టుకుంటుంది, “బయటికి పో!” అంటుంది, పంపించేస్తుంది. తర్వాత చేతులు తుడుచుకుని, వదిలేసిన కనుబొమ్మ దగ్గర మళ్ళీ మొదలుపెడుతుంది. గెంటకముందు గీసిన సగానికీ, గెంటాక గీసిన సగానికీ వెంట్రుకవాసి తేడా ఉండదు. నోరు ఎదుటివాళ్ళని ఎంత వణికించినా చెయ్యి వణకని కోపం అది.

ఆవిడ పని ఫ్యాషన్ వీక్‌లో మోడళ్ళకి మేకప్పు వెయ్యడం. ఫ్యాషన్ వీక్ అంటే పెద్ద బ్రహ్మవిద్యేమీ కాదు. బట్టలు తొడుక్కున్న అమ్మాయిలు ర్యాంపు మీద ఇటు నుంచి అటు నడుస్తారు, అటు నుంచి ఇటు వస్తారు. ఆ నడక చూడ్డానికి జనం ఒకళ్ళ కాళ్ళు ఒకళ్ళు తొక్కుకుంటారు. నడిచే అమ్మాయిల మొహాలు వదినగారివి. తలలు దువ్వెనాయనవి. మెడ కింద నుంచి డిజైనరువి. అమ్మాయిలకంటూ మిగిలేవి పాదాలు, వాటిని చెప్పులు కరిచేస్తాయి.

దువ్వెనాయన అంటే వదినగారి చెల్లెలి మొగుడు. చెవి వెనక దువ్వెన లేకుండా ఆయన్ని చూసినవాళ్ళు లేరు. నిద్రలో కూడా ఉంటుందని ఆయన భార్య ప్రమాణం చేసి చెబుతుంది. ఆయన “వదినగారూ” అని పిలవగా పిలవగా, మేకప్పు గదిలో అందరికీ ఆవిడ వదినగారే అయిపోయింది. డిజైనరూ అలాగే పిలుస్తాడు, డిజైనరు తండ్రీ అలాగే పిలుస్తాడు. ఆవిడ మాత్రం ఎవరినీ ఏ వరసా పెట్టి పిలవదు. “ఇదిగో”, “ఏయ్”, “నిన్నే”. మరిదిని ఒక్కణ్ణే “ఏమయ్యా” అంటుంది. అది గౌరవమో కాదో దువ్వెనాయనకి ఇరవయ్యేళ్ళుగా తేలలేదు.

ఈ డిజైనరు షోలు ఎప్పుడూ ఒక పాత నూలు మిల్లులోనే జరుగుతాయి. వెనక పొడుగాటి గది, అదే మేకప్పు గది. ఒక చివర ప్లగ్గులున్నాయి కాబట్టి దువ్వెనాయన అక్కడ ఉంటాడు. ఆయన పక్కనే వీధిలోకి పెద్ద ఇనప తలుపు. దాని అవతల చెత్తకుండీలు. అందుకని దాన్ని చెత్త తలుపు అంటారు. రెండో చివర ఒక చీకటి మూల, ఒక నల్ల తెర.

ప్రతి సీజన్‌కీ ఒక కొత్త మేనేజరు వస్తాడు. వచ్చినవాడు వచ్చినట్టే తెలివి ఉపయోగించి వదినగారి బల్లని కిటికీ కింద వేయిస్తాడు. మేకప్పుకి వెలుతురు కావాలని పసిపిల్లలకి కూడా తెలుసు కదా. వదినగారు వస్తుంది. బల్లని చూస్తుంది. మేనేజర్ని చూస్తుంది.

“ఎవడిదీ తెలివి?”

“నాదేనండీ. వెలుతురు బాగా పడుతుందని...”

“నేను మొహాలు దిద్దాలా, ఇక్కడ బట్టలు ఆరేసుకోవాలా? తియ్! ఆ మూల వెయ్!”

“ఆ మూల చీకటండీ.”

“నా దీపాలు నాకున్నాయి. నాకు కావాల్సింది గాలి. స్పిరిట్ వాసనకి తల తిరిగిపోతోంది.”

“గాలి కిటికీ దగ్గరే కదండీ వచ్చేది...”

“ఆ గాలికి నా పౌడరెగిరిపోతే నీ మొహం మీంచి గీకమంటావా?”

గాలి కావాలి, గాలి వద్దు. ఈ లెక్క ఏ మేనేజరుకీ అర్థం కాలేదు. బల్ల మాత్రం ప్రతిసారీ మూలకే, నల్ల తెర పక్కకే వెళ్ళేది. దువ్వెనాయన దూరం నుంచి చూసి తల ఊపేవాడు. వెలుతురుని కాదని చీకటిని ఎంచుకున్న మేకప్పు మనిషి లోకంలో మా వదినొక్కతే, ఒక మర వదులే మరి, అనుకునేవాడు.

ఆవిడ గెంటినవాళ్ళలో మొదట చెప్పుకోవలసింది ఇస్త్రీ తాతని. చివరి క్షణంలో కాలర్లూ మడతలూ సరిచేసే ముసలాయన. ఒకసారి ఆయన పెట్టెలోంచి ఆవిరి లేచింది, లేచి గదిలో ఎటో పోయింది. అంతే.

“ఏయ్! ఆవిరి ఇటు కొడతావేం? ఈ పిల్ల చెంపేమన్నా చొక్కా కాలరా?”

“అంత దూరం రాదమ్మా, నా ఆవిరి...”

“నాకే ఎదురు చెబుతావా? బయటికి పో!”

రెక్క పట్టుకుంది. తెర వెనక్కి ఈడ్చుకుపోయింది. ఎక్కడో తలుపు దబ్బుమంది. దువ్వెనాయనకి మండిపోయింది. తండ్రి వయసు మనిషి! మర్నాడు మరో షోకి వచ్చిన తాత, ఎవరూ అడక్కుండానే వదినగారి కోటు ఇస్త్రీ చేసి, మడత పెట్టి బల్ల మీద పెట్టాడు.

“సిగ్గు లేదా తాతా నీకు?” అన్నాడు దువ్వెనాయన.

“సిగ్గెందుకు బాబూ,” అన్నాడు తాత, చిన్నపిల్లాడిలా నవ్వుతూ. “ఆ చేత్తో గెంటించుకోవాలంటే రాసిపెట్టి ఉండాలి.”

ముసలాయనకి మతి పోయిందని దువ్వెనాయన నిర్ధారించేశాడు.

తర్వాత ఒక కొత్త మోడల్ తల్లి. కూతురి మొదటి షో అని ఎక్కడి నుంచో బస్సులో పడి వచ్చింది. లోపల కూర్చుని చూసే అర్హత ఆవిడకెక్కడిది? కూతుర్ని పలకరించి వెళ్ళిపొమ్మని మేకప్పు గదిలోకి రానిచ్చారు. కూతురి మొహం చూసి ఆగలేక చెంప మీద ముద్దు పెట్టుకుంది.

“ముద్దు పెడతావా?” వదినగారి కేకకి జుట్టు ఆరబెట్టే మిషన్లు కూడా ఆగాయి. “అది చెంపనుకున్నావా? పొద్దుట్నుంచీ నేను పడ్డ చాకిరీ!”

“నా కూతురు కదండీ...”

“మెడ కింద నీ కూతురు. మెడ పైన నా సరుకు. బయటికి పో!”

మళ్ళీ తెర, మళ్ళీ దబ్బు. కూతురు ఏడవబోయింది. “ఏడిచావంటే నువ్వూ పోతావ్” అని వదినగారు చెంప మళ్ళీ దిద్దేసింది.

ఒక్కసారి మాత్రం వదినగారి గెంటుడు దారి మారింది. ఆ రోజు వచ్చింది ముందు వరసావిడ. ఫోనులో ఆవిడ ఏం తిన్నదీ ఏం కట్టుకున్నదీ చూసేవాళ్ళు లక్షల్లో ఉన్నారట. ముందు వరసలో కుర్చీ, కుర్చీ మీద పేరు, పేరు మీద పువ్వు. అయినా మేకప్పు గదిలోకి జొరబడి, సగం కనురెప్ప దిద్దిన అమ్మాయి పక్కన మొహం పెట్టి ఫోటోలు దిగుతోంది.

“ఎవరు నువ్వు?” అంది వదినగారు.

“నన్ను గుర్తుపట్టలేదా?” అని నవ్వింది ఆవిడ.

“మేకప్పు బాగోలేకపోతే ఎవరినీ గుర్తుపట్టను. బయటికి పో!”

అప్పుడు జరిగిన వింత దువ్వెనాయన కళ్ళారా చూశాడు. పక్కనే ఉన్న నల్ల తెర వదిలేసి, ఆ పొడుగాటి గదంతా అడ్డంగా ఈడ్చుకొచ్చి, చెత్త తలుపు తీసి, ఆవిడని కుండీల మధ్యకి తోసింది. బయట వాన. ఆవిడ మిల్లు చుట్టూ తిరిగి, క్యూలో నిలబడి, ముందు గుమ్మంలోంచి మళ్ళీ వచ్చేసరికి షో సగం అయిపోయిందట. తెర వెనక తలుపూ వీధిలోకే అని ఆయన నమ్మకం. చేతికందే దాన్ని వదిలి అంత దూరం లాగడమెందుకో అర్థం కాలేదు. కోపం తలకెక్కినవాళ్ళకి దగ్గరా దూరం తెలీదు, అనుకుని సరిపెట్టుకున్నాడు.

ఇక ఆయన ఇంటి సంగతి. ఇంట్లోనూ నిప్పే.

ఆయన భార్య ఇదే డిజైనరు వర్క్‌షాపులో పూసలు కుడుతుంది. అక్కకి నోట్లో కోపం, చెల్లెలికి ముక్కు మీద కోపం. ఇద్దరూ ఒకరితో ఒకరు మాట్లాడుకోవాలన్నా దువ్వెనాయన నోటి మీదుగానే. “మీ ఆవిడకి చెప్పు”, “మీ వదినకి చెప్పండి”. ఆవిడ కుట్టిన గౌన్లు ఎన్నో ర్యాంపు మీద నడిచాయి. ఒక్కటీ నడవగా ఆవిడ చూడలేదు. ఫోనులో చూడవచ్చు కదా అంటే, “ఫోనులో నా పూసలు ఆవగింజంత లేవు. ఆ అమ్మాయి మొహమే చూపిస్తారు. మీ వదిన పనితనమే కనబడుతుంది” అని మండిపడుతుంది.

కిందటి సీజన్‌లో ఆవిడ మంచి బట్టలు కట్టుకుని తిన్నగా ముందు గుమ్మానికే వెళ్ళింది. వెనక నుంచి రమ్మని దువ్వెనాయన అంటే, “నేనేమన్నా దొంగనా?” అంది. గుమ్మం దగ్గర ఒక నల్లకోటు అమ్మాయి.

“మీకు ఆహ్వానం ఉందాండీ?”

“చివర్లో వచ్చే గౌను మీద పూసలు కుట్టింది నేనే.”

“చాలా సంతోషమండీ. ఆహ్వానం ఉందా?”

“కుట్టినవాళ్ళకి ఆహ్వానం ఎవరిస్తారమ్మా?”

“అదేనండీ. కుట్టినవాళ్ళని పిలవరు. కాస్త పక్కకి జరుగుతారా, వెనక పెద్దవాళ్ళున్నారు.”

వెనకున్న పెద్దవాళ్ళు ఒక కుక్కపిల్లని చంకలో పెట్టుకుని లోపలికి వెళ్ళారు. కుక్కపిల్లకి ఆహ్వానం ఉంది. మెడలో కట్టుకుంది.

ఆ కుక్కపిల్ల ఆర్నెల్లు దువ్వెనాయన ఇంట్లో కాపురం చేసింది. కూర మాడితే కుక్కపిల్ల, నీళ్ళు రాకపోతే కుక్కపిల్ల. ఈ సీజన్ దగ్గర పడ్డాక ఒక రోజు ఆవిడ సూది బల్ల మీద పెట్టేసింది.

“బల్ల మీద పడుకోబెట్టిన గౌనే నేను చూసింది. శవాన్ని చూసినట్టు. లేచి నడిస్తే ఎలా ఉంటుందో నాకు తెలీదు. ఈసారి చూడకపోతే ఇంక సూది పట్టను. మీ డిజైనరుకి చెప్పండి. మీ వదినకీ చెప్పండి.”

“మా వదినేమిటి, మీ అక్క.”

“గెంటడం మొదలుపెట్టాక మీ వదినే.”

ఆవిడ అన్నదంటే అన్నదే. సూది లేని భార్యని తలుచుకుంటే దువ్వెనాయనకి భయం వేసింది. కూర్చుని ఖాళీగా ఉండే మనిషి కాదు, ఆ చేతులకి పని లేకపోతే మనిషి సగం అవుతుంది. డిజైనర్ని అడిగాడు. “అయ్యో, ముందే చెప్పాల్సింది” అన్నాడు డిజైనరు. ముందే చెప్పిన సంవత్సరం “ఇంకా టైముంది కదా” అన్నది కూడా ఆయనే. మేనేజర్ని అడిగితే వాడు పారిపోయాడు. ఇక మిగిలింది వదినగారు.

షోకి ముందు మొహాలు వేసి చూసుకునే రోజది. వదినగారు అప్పటికే డిజైనరు మీద విరుచుకుపడుతోంది. ఈ సీజన్‌కి ఆయన కోరిన మొహం ఏమిటంటే, అలసిపోయి, ఏడ్చి, నిద్ర లేక వచ్చిన మొహం. అదే ఫ్యాషనట.

“కళ్ళ కింద నలుపు కావాలి వదినగారూ. కాస్త ఎరుపు. జీవితంతో అలసిపోయినట్టు.”

“ఈ పిల్లల్ని చూడు,” అంది వదినగారు. కుర్చీలో అమ్మాయి కూర్చునే కునుకు తీస్తోంది. “తెల్లారకుండా లేపి తెచ్చావు. నువ్వడిగిన నలుపు దేవుడే పెట్టి పంపాడు కళ్ళ కింద.”

“అది నిజం అలసట వదినగారూ. దీపాల కింద బాగోదు. ముందు దాన్ని కప్పేసి, పైన మనం...”

“నిజం అలసటని దాచి, అబద్ధం అలసట పుయ్యాలి. అంతేనా?”

“సరిగ్గా పట్టుకున్నారు!”

“బయటికి పో!”

“ఇది నా షో వదినగారూ!”

“అందుకే చెబుతున్నా, పో!”

డిజైనరు తనంతట తనే చెత్త తలుపు నుంచి వెళ్ళాడు. అలవాటే. సరిగ్గా ఆ వేడి మీద దువ్వెనాయన వెళ్ళి, చెల్లెలికి ఒక పాసు కావాలన్నాడు. ఇరవయ్యేళ్ళ అనుభవం ఉన్న మనిషి, అయినా వెళ్ళాడు. ఇంటి కోపం ముందు ఈ కోపం చల్లగా అనిపించి ఉంటుంది.

“పాసా? నా దగ్గర పాసులున్నాయా? నాకున్నవి రంగులు. కావాలంటే నీ మొహాన పూస్తాను. ముందు గుమ్మానికే పోతానంది కదా మహారాణి? పొమ్మను!”

“వదినగారూ, అది సూది వదిలేస్తానంటోంది.”

వదినగారు కుంచె ఆపింది. ఒక్క క్షణమే. తర్వాత ఇంకా గట్టిగా అరిచింది.

“వదిలెయ్యమను! సూది పట్టుకుని గనక షో రోజున నా కళ్ళబడిందంటే, చెల్లెలని కూడా చూడను, గెంటేస్తాను! చెప్పు వెళ్ళి!”

దువ్వెనాయన వెళ్ళి చెప్పాడు. “గెంటమనండి చూద్దాం” అంది భార్య, దారం పళ్ళతో కొరుకుతూ.

షో రోజు వచ్చింది. గదంతా ఏడ్చిన మొహాలు. అంత బాగా ఏడ్చిన మొహాలు నిజంగా ఏడ్చినవాళ్ళకి కూడా ఉండవు. వదినగారి గెంటుడు ఆ రోజు తారస్థాయిలో ఉంది. ఇస్త్రీ తాత తన పెట్టె తీగ సాగదీసి మరీ ఆవిడ బల్ల దాకా వచ్చి, ఎదురుగా నిలబడి ఆవిరి వదిలాడు. “కావాలనే వదులుతున్నావా?” “అవునమ్మా” అన్నాడు. తెర, దబ్బు. టీలు ఇచ్చే ఆవిడ కప్పు తెచ్చి తిన్నగా పౌడరు డబ్బా పక్కనే పెట్టింది. తెర, దబ్బు. మనుషులకి బుద్ధి ఎప్పటికి వస్తుందా అని దువ్వెనాయన పళ్ళు నూరుకున్నాడు.

అంతలో చివరి గౌను తొడిగిస్తున్న అమ్మాయి కెవ్వుమంది. ఎడమ చేతి అంచున పూసల వరస ఒకటి తెగి, వేలాడుతోంది.

“వర్క్‌షాపుకి ఫోన్ చెయ్యండి!” అని డిజైనరు గంతులేశాడు. “కుట్టినావిడనే రమ్మనండి! పరిగెత్తి రమ్మనండి!”

వర్క్‌షాపు వెనక వీధిలోనే. చెత్త తలుపు తోసుకుని ఆవిడ వచ్చింది. చేతిలో సూది, నోట్లో దారం, కళ్ళల్లో నిప్పులు. ఎవరినీ చూడలేదు. మోకాళ్ళ మీద కూర్చుని ఆ వరసని వేళ్ళ మధ్య పట్టుకుంది. ఒకసారి పట్టుకుని, వదిలి, మళ్ళీ పట్టుకుంది.

“ఇది తెగలేదు,” అంది. “నా కుట్టు తెగదు. దీన్ని ఎవరో కత్తిరించారు.”

“ఎవరు కత్తిరిస్తారండీ...” అన్నాడు మేనేజరు.

“అదే నేనూ అడుగుతున్నా! ఎవరు?” లేచి నిలబడింది. ఈ మాటలనేలోపే వరస కుట్టేసింది కూడా. “నా పని మీద కత్తెర పెట్టిందెవరో తేలితే గానీ ఇక్కడ్నుంచి కదలను!”

“ఏయ్!” మూలలోంచి వదినగారు లేచింది. “ఎవరే అది నా గదిలో గొంతు లేపేది?”

“నేనే! నీ గదేమిటి? పేరు రాసుందా?”

“సూది పట్టుకుని నా కళ్ళబడొద్దన్నానా లేదా?”

“పడ్డాను! ఏం చేస్తావ్?”

ఏడ్చిన మొహాలన్నీ ఇటు తిరిగాయి. వదినగారు వచ్చింది. చెల్లెలి రెక్క పట్టుకుంది.

“వదులు అక్కా, నొప్పి!”

“నొప్పి పుట్టాలనే! బయటికి పో!”

ఈడ్చుకుపోయింది. నల్ల తెర కదిలింది. దబ్బు.

వదినగారు తిరిగొచ్చి, చేతులు తుడుచుకుని, వరసలో నిలబడ్డ అమ్మాయి కనుబొమ్మ మిగతా సగం గీసేసింది.

దువ్వెనాయనలో ఇరవయ్యేళ్ళ పొయ్యి ఒక్కసారి అంటుకుంది. అమ్మాయిలు వరస కట్టేశారు, తలలన్నీ అయిపోయాయి. అవకపోయినా ఆగేవాడు కాదు. చెవి వెనక నుంచి దువ్వెన తీశాడు. గది మొత్తం ఊపిరి బిగబట్టింది. దాన్ని తీసుకెళ్ళి వదినగారి బల్ల మీద కొట్టాడు.

“చాలు వదినగారూ! ముసలాయన్ని గెంటారు, ఊరుకున్నాను. తల్లిని గెంటారు, ఊరుకున్నాను. సొంత చెల్లెల్ని, అంతమంది ముందు! మీ మొహాలూ మీరూ, మీకో దండం. ఇంక నా తలలు మీరే దువ్వుకోండి. నా భార్య ఎక్కడికి పోయిందో చూసుకుంటాను.”

“పో!” అంది వదినగారు. “ఇరవయ్యేళ్ళకి పౌరుషం వచ్చింది. పో, ఎటు పోతావో!”

ఆయన తెర లాగాడు. వెనక ఒక చిన్న చెక్క తలుపు. తన్ని తీశాడు. అవతలికి దూరి, “ఏమేవ్! ఎక్కడున్నావ్?” అని వీధిలో అరిచినట్టే అరవబోయాడు.

ఎవరో నోరు మూసేశారు.

చీకటి. మెత్తటి సంగీతం. ఎదురుగా, చెయ్యి చాపితే అందేంత దగ్గరలో, తెల్లగా వెలిగిపోతున్న ర్యాంపు. అవతల ముందు వరస కుర్చీలు, వాటిలో ఫోన్లు పట్టుకున్న పెద్దమనుషులు, ఒక కుక్కపిల్ల. దువ్వెనాయన వీధిలో లేడు. షో లోపల ఉన్నాడు.

నోరు మూసింది ఒక గార్డు. “అరవకండి. వదినగారు గెంటినవాళ్ళేనా?” అని చెవిలో అడిగాడు.

“ఏమిటీ?”

“వదినగారు గెంటినవాళ్ళయితే గోడవైపు జరగండి. వెనకాల ఇంకా వస్తుంటారు.” అంతలో ఆయన మెడలో ఉన్నది చూసి మొహం చిట్లించాడు. “మీకు పాసుందే? పాసున్నవాళ్ళకి ఇక్కడ చోటు లేదండీ.”

“మావాడే బాబూ, ఉండనీ,” అన్నాడు గోడకి ఆనుకున్న ఇస్త్రీ తాత.

కళ్ళు చీకటికి అలవాటు పడ్డాక దువ్వెనాయన గోడ పొడుగునా చూశాడు. తాత పక్కన టీలావిడ. ఆవిడ పక్కన జిప్పులు కుట్టే ఇద్దరు. వాళ్ళ పక్కన అప్పట్లో కూతురికి ముద్దు పెట్టిన తల్లి.

“మీరూనా?” అన్నాడు.

“ఈసారి రెండు చెంపల మీదా పెట్టాను,” అందావిడ గర్వంగా. “ఒకదానికి గెంటుతారో లేదోనని.”

“ఇన్నేళ్ళూ... ఈ తలుపు... మరి నాకెవరూ చెప్పలేదేం?”

“పాసున్నవాడికెందుకు బాబూ?” అన్నాడు తాత. “జాలిపడి లోపలికి పంపితే అది తప్పవుతుంది, అడిగేవాళ్ళుంటారు. కోపంతో బయటికి గెంటితే ఎవరడుగుతారు? అయినా నీ మొహం మీద ఏదీ దాగదంది వదినగారమ్మ. ఏ పౌడరూ నిలవదంది.”

గోడకి చివర ఆయన భార్య నిలబడి ఉంది. చెయ్యి రుద్దుకుంటోంది. ఆయన వెళ్ళి పక్కన నిలబడ్డాడు. ఆవిడ ఆయన్ని చూడలేదు. సరిగ్గా అప్పుడే సంగీతం మారింది, చివరి గౌను వచ్చింది.

బల్ల మీద పడుకున్న గౌను కాదది. అమ్మాయి అడుగు వేసినప్పుడల్లా పూసలు భుజం దగ్గర మొదలై అంచుదాకా జారిపోతున్నాయి, మళ్ళీ పైకి లేస్తున్నాయి. దీపం కింద ఒక రంగు, దీపం దాటితే ఒక రంగు. ముందు వరస వాళ్ళు ఫోన్లలోంచి చూస్తున్నారు. గోడ దగ్గరివాళ్ళు కళ్ళతో చూస్తున్నారు. ఆవిడ సూది పట్టుకునే రెండు వేళ్ళూ గాలిలోనే కదులుతున్నాయి, ఆ నడకతో పాటు. గౌను చివరిదాకా వెళ్ళింది, తిరిగింది, వాళ్ళ ముందు నుంచే వెనక్కి వచ్చింది.

“వంకర,” అంది ఆవిడ.

“ఏది?”

“వీపు మీద మూడో వరస. నడిస్తే వంకర పోతోంది. బల్ల మీద తిన్నగానే ఉంది వెధవది. నడిచేదానికి నడుం దగ్గర వదులుగా కుట్టాలి.” కోపంగా ముక్కు ఎగబీల్చింది. “వచ్చేసారి సరిచేస్తాను.”

వచ్చేసారి అన్నమాట చెవిన పడగానే దువ్వెనాయన గుండెలోంచి ఆర్నెల్ల కుక్కపిల్ల దిగి వెళ్ళిపోయింది.

“మీ అక్కకి ఒక మాట చెప్పవా?” అన్నాడు మెల్లగా.

“చెబుతా. రెక్క ఊడేలా లాగింది, కమిలిపోయింది చూడండి! ఆ కత్తిరించిందెవరో కూడా తేలనివ్వండి, వాళ్ళకీ చెబుతా.”

అమ్మాయిలందరూ కలిసి ఇంకోసారి నడిచారు, చప్పట్లు మొదలయ్యాయి. దువ్వెనాయన చిన్న తలుపులోంచి మళ్ళీ గదిలోకి దూరాడు.

“ఎక్కడ చచ్చావయ్యా?” వదినగారు అరుస్తోంది. “చివర్లో అందరూ కలిసి మళ్ళీ నడవడానికి పోయేముందు ఆ పొడుగుపిల్ల జుట్టు ఎవరు సర్దారనుకున్నావ్? నేను! కోపమొస్తే పని వదిలేసి పోతావా? కోపం వస్తే ఎలా ఉండాలో నన్ను చూసి నేర్చుకో!”

ఆయన బల్ల దగ్గరికి వెళ్ళాడు. బల్ల మీద తను కొట్టిన దువ్వెన కోసం చెయ్యి చాపాడు. దువ్వెన పక్కనే కనుబొమ్మలు కత్తిరించే బుల్లి కత్తెర ఉంది. దాని పళ్ళ మధ్య చిన్న నల్లదారం ముక్క, దారానికి రెండు పూసలు.

వదినగారు పౌడరు కుచ్చు తీసి కత్తెర మీద పడేసింది.

“ఏం చూస్తున్నావ్?”

“ఏం లేదు వదినగారూ.”

“అయితే ఇక్కడెందుకు? బయటికి పో!”

దువ్వెనాయన దువ్వెన చెవి వెనక పెట్టుకున్నాడు. నల్ల తెర వైపు చూశాడు.

“ఏ తలుపు వదినగారూ?”

“నీ మెడలో పాసుంది కదా,” అంది వదినగారు, ఇంకో ఏడ్చిన మొహాన్ని తుడవడానికి దూది తీసుకుంటూ. “చెత్త తలుపు.”

ఆయన ఆ తలుపు లోంచే వెళ్ళాడు. బయట కుండీల మధ్య, ఆయనకన్నా ముందే గెంటించుకున్న డిజైనరు నిలబడి ఉన్నాడు. డిజైనరు పక్కకి జరిగి చోటిచ్చాడు. ఇద్దరూ కాసేపు నవ్వుకున్నారు, ఎవరు ఎందుకు నవ్వుతున్నారో రెండోవారికి తెలియకుండానే.